దుంకింది ఎవరు?

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు.

వదినకు,

భవాని నమస్కారం. ఇక్కడ అందరం బాగున్నాం. ఒక్క మీ తమ్ముడి మాటలే నేల మీద లేవు.

ఫోన్ చేద్దామనుకున్నాను. నీకు వినబడాలంటే నేను అరవాలి, నేను అరిస్తే మీ తమ్ముడికి వినబడుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీ తమ్ముడు ప్లాట్లు అమ్మే కంపెనీ యాచారం వైపు కొత్త వెంచర్ వేసింది. దాని పేరు 'స్కై వ్యూ కౌంటీ'. నేనూ పోయి చూశాను. హద్దురాళ్ళు ఉన్నాయి, ఒక సిమెంటు ఆర్చి ఉంది, ఆ పైన ఆకాశం ఉంది. పేరు మాత్రం అబద్ధం కాదు. ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే అని బ్రోచర్లో వేశారు. విమానంలో పోతే అంతే పడుతుందేమో.

ఎక్కువ ప్లాట్లు అమ్మిన ఏజెంట్లను భార్యలతో సహా ఆ కంపెనీ థాయిలాండ్ తీసుకుపోతోంది. అక్కడ విమానంలోంచి పారాచూట్ కట్టుకుని దుంకే ఆట ఉందట. దాన్ని స్కైడైవింగ్ అంటారు. "ఎవరన్న దుంకుతరా?" అని కంపెనీ యజమాని సాల్మన్ రాజు మీటింగులో అడిగితే, మొదట లేచిన చెయ్యి మీ తమ్ముడిది.

ఎందుకో నీకు తెలుసు. మునిసిపల్ ఎన్నికలు వస్తున్నాయి, మీ తమ్ముడికి మా వార్డు కౌన్సిలర్ కావాలని ఉంది. మరునాడే చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'ఆకాశాన్ని జయించబోతున్న మన శ్రీశైలం అన్నకు శుభాకాంక్షలు' అని ఉంది దాని మీద. శుభాకాంక్షలు చెబుతున్న వాళ్ళ ఫోటోలు ఇరవై దాకా ఉన్నాయి. అందులో సగం మంది ఎవరో మీ తమ్ముడికే తెలియదు.

వదినా, మొన్న మిద్దె మీది నీళ్ళ ట్యాంకు పాడైతే, నిచ్చెన మూడో మెట్టు మీదనే మీ తమ్ముడికి కళ్ళు తిరిగాయి. దిగి, నన్ను ఎక్కమన్నాడు. ఇప్పుడీ మనిషి విమానంలోంచి దుంకుతాడట. నాకు భయంగా ఉంది. నీ మాట అంటే వింటాడు. వద్దని ఒక్క ముక్క రాయి.

భవాని


మెట్‌పల్లి,
సెప్టెంబర్.

భవానీకి,

నీ ఉత్తరం ముట్టింది. రెండుసార్లు సదివిన. మొగనికి గంత ధైర్యం ఉన్నదని సంబురపడేది పోయి, నిచ్చెన ముచ్చట తీసినవా? పెండ్లామే గట్ల మాట్లాడితే బయటోళ్ళు ఏం మాట్లాడుతరు?

నా తమ్ముడు పిరికోడు కాదు. చిన్నప్పుడు మా ఇంటి పెంకల మీదికి ఎక్కి కూసుండేటోడు. దింపేది నేనే, అది వేరే ముచ్చట. ఎక్కిండా లేదా, అది సూడు.

నేను వద్దని రాయ. మా వాడకట్టుల అందరికి చెప్పిన. ఇప్పుడు దుంకకుంటే నా మొఖం ఏడ పెట్టుకోవాలె? పోచమ్మ కాడ పూజ చేయించిన దారం పంపుతున్న. దుంకేటప్పుడు చేతికి కట్టు. వచ్చేటప్పుడు ఆ దేశంల మోకాళ్ళ నొప్పుల మందు ఉంటదంట, పట్టుకరా.

నువ్వు జర నోరు తగ్గించుకో. మంచిగుంటది.

రేణుక


ఇబ్రహీంపట్నం,
అక్టోబర్.

వదినకు,

నువ్వు పంపిన దారం అందింది. అది కట్టుకుని దుంకింది నేను.

ఈ మాట ముందే రాసేస్తున్నాను. లేకపోతే సగంలో నీకు కోపం వచ్చి ఉత్తరం పక్కన పడేస్తావు.

ఆ దుంకే చోటు ఊరికి దూరంగా ఉంది. చుట్టూ కర్రపెండలం చేన్లు, మధ్యలో ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు. బస్సు దిగేటప్పటికి మీ తమ్ముడు ఫేస్‌బుక్ లైవ్‌లో ఉన్నాడు. "నా ఇబ్రహీంపట్నం ప్రజల కోసం దుంకుతున్న" అని చెబుతున్నాడు. ఆయన దుంకితే ప్రజలకు ఏం వస్తుందో చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

షెడ్డులోకి పోగానే ఒకమ్మాయి అందరినీ కాంటా ఎక్కించింది. వంద కిలోలు దాటిన మనిషిని దుంకనివ్వరట. మీ తమ్ముడు ఎక్కాడు. ముల్లు ఆ గీత దాటి పోయింది. బూట్లు విప్పాడు, బెల్టు తీశాడు, జేబుల్లోంచి రెండు ఫోన్లు, తాళాలగుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. ముల్లు దిగి రాలేదు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

అప్పుడు మీ తమ్ముడి ముఖం చూడాల్సింది. బాధపడుతున్నట్టు నుదురు ముడిచాడు. కానీ ఎండాకాలంలో పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు మనిషి ముఖం ఎట్లా వెలుగుతుందో, కళ్ళు అట్లా వెలిగాయి.

"పైసలు కట్టి పెట్టినం, వాపస్ ఇయ్యరంట. వదినను పంపుదామా?" అన్నాడు సాల్మన్ రాజు నన్ను చూపించి నవ్వుతూ.

"గామెనా? జాతరల రంగులరాట్నం ఎక్కితేనే కండ్లు మూసుకుంటది" అన్నాడు మీ తమ్ముడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నేను కాంటా మీద ఉన్నాను. ధైర్యం ఉండి కాదు వదినా. ఆ నవ్వు ఆగాలని.

విమానం మన ట్రాలీ ఆటో అంత ఉంది. సీట్లు లేవు, కింద కూర్చోవాలి. ఒక థాయి ఆయన నా వెనక కూర్చుని, పట్టీలతో నన్ను తన ఛాతీకి బిగించుకున్నాడు. పారాచూట్ ఆయన వీపు మీదే ఉంటుంది, తెరిచేదీ ఆయనే. పరాయి మగవాడు అని సిగ్గుపడే తీరిక నాకు లేదు. ఇంకా గట్టిగా బిగించమని సైగ చేశాను. ఎదురుగా ఇంకొకాయన తలకు కెమెరా పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

తలుపు తీశారు. ఆ గాలికి నా భయం ఎగిరిపోయిందని రాయాలని ఉంది. కానీ అది అబద్ధం, భయం రెండింతలైంది. "అన్నా, వెనక్కి పోదాం" అన్నాను తెలుగులో. ఆయన "ఓకే" అన్నాడు. మరుక్షణం నా కాళ్ళ కింద ఏమీ లేదు.

పడుతున్నట్టు ఉండదు వదినా. గాలి మీద బోర్లా పడుకున్నట్టు ఉంటుంది, ఆ గాలే నిన్ను కొడుతూ ఉంటుంది. నా చెంపలు చెవుల దాకా పోయాయి. తెరిచిన నోరు మూతపడలేదు. గొంతు చించుకుని "ఓ శ్రీశైలం!" అని అరిచాను. పెళ్ళయినప్పటి నుంచి మీ తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవలేదు, నీకు తెలుసు. తిరుగు బస్సులో వీడియో చూసిన ఆడవాళ్ళు, నేను ఆ మల్లన్నను తలుచుకున్నానని చేతులు జోడించారు. నీకు మాత్రం నిజం రాస్తున్నాను, నేను పిలిచింది మల్లన్నను కాదు. పేరు తర్వాత రెండు తిట్లు కూడా ఉన్నాయి. గాలి హోరులో అవి వీడియోలో పడలేదు.

తర్వాత ఎవరో భుజాలు పట్టి పైకి గుంజినట్టయింది. పారాచూట్ తెరుచుకుంది. ఒక్కసారిగా చప్పుడంతా ఆగిపోయింది. కింద ఎర్రమట్టి బాటలు, చిన్న చిన్న చెరువులు, చీమల్లా బండ్లు. అక్కడ నన్ను ఎవరూ పిలవడం లేదు. చాయ్ అడగడం లేదు. ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. దుంకే ముందు పెట్టిన కళ్ళజోడులో నీళ్ళు నిలిచి, కింద భూమి అంతా అలలాడింది.

దిగగానే మీ తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. ఆ కళ్ళజోడు, పట్టీలు నా ఒంటి మీది నుంచి విప్పించి తాను తగిలించుకుని, బొటనవేలు పైకెత్తి ఫోటోలు దిగాడు. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "భవానీ, మొగడు పెండ్లాం అంటే ఒక్కటే గదా. నువ్వు దుంకితే నేను దుంకినట్టే. ఎలక్షన్లు అయ్యేదాక గట్లనే ఉండనీ." వెంచర్ పేరు నిలబడాలంటే దుంకింది ఏజెంటే కావాలని సాల్మన్ రాజు మిగతావాళ్ళకు ముందే చెప్పి పెట్టాడట.

మేము ఊళ్ళో దిగేటప్పటికి చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ ఉంది. మబ్బుల్లో దుంకుతున్న నా ఫోటోయే. మెడ పైన మాత్రం మీ తమ్ముడి తల. ఫ్లెక్సీ దుకాణం నగేష్ నా వెనకున్న థాయి ఆయనను చెరిపాడు, తల మార్చాడు గానీ, గాలికి నిటారుగా లేచిన నా జడను చెరపడం మరిచిపోయాడు. అదేందన్నా అని ఎవరో అడిగితే, "పారాచూట్ తాడు" అన్నాడట మీ తమ్ముడు.

వదినా, ఇప్పుడు నేను నోరు మూసుకుని ఉండాలా?

భవాని


మెట్‌పల్లి,
నవంబర్.

భవానీకి,

తమ్ముడు ఫోన్ చేసిండు. దుంకిన ముచ్చటంత తనే చెప్పిండు. మబ్బులు దూది లెక్క చేతికి తాకినయంట. నా చెవులకు సగమే వినబడ్డది. గా సగమే చాలు.

మా మనుమడు ఆ ఫ్లెక్సీ ఫోటో ఫోన్ల చూపించిండు. తమ్ముడు మంచిగున్నడు. వాడకట్టోళ్ళు వచ్చి సూసిపోయిన్రు. మా ఇంటాయన, మీ అన్న, అందరికి చాయ్ పోయించిండు. ఆ జడ నేను సూడలే. నువ్వు గూడ సూడకు.

సంసారంల ఇసొంటివి వెయ్యి ఉంటయి. ఎవల పేరు అయితే ఏంది, ఇంటి పేరు ఒక్కటే గదా. నేను నీ కన్న ముందు పెండ్లి చేసుకున్నదాన్ని, నాకు ఎరుక.

మందు ముట్టింది. మోకాళ్ళు జర నయం.

రేణుక


ఇబ్రహీంపట్నం,
జనవరి.

వదినకు,

నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. ఆ తర్వాత జరిగినవి రాస్తాను, ఓపికగా చదువు.

ఫంక్షన్ హాల్లో మీ తమ్ముడికి సన్మానం జరిగింది. కప్పిన శాలువాలు మోయడానికి నేను వెంట పోయాను. అప్పటి నుంచి బడుల వాళ్ళు ధైర్యం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలవడం మొదలుపెట్టారు. ఒక బడిలో మనోజ అనే పంతులమ్మ లేచి, "సార్, అంత ఎత్తున చెవులు గుయ్యిమంటాయా?" అని అడిగింది. "రుమాల్ కట్టుకున్ననమ్మా" అన్నాడు. పైనుంచి చూస్తే మన ఇబ్రహీంపట్నం చెరువు తళతళ మెరిసిందని కూడా చెప్పాడు. దుంకింది థాయిలాండ్‌లో. పిల్లలతో పాటు హెడ్మాస్టరు కూడా చప్పట్లు కొట్టాడు.

ఇంతలో వార్డుల రిజర్వేషన్లు వచ్చాయి. మా వార్డు మహిళలకు పోయింది.

ఆ రోజు మీ తమ్ముడు అన్నం తినలేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. సాయంత్రం చాయ్ ఇచ్చాను. సగం తాగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు కొత్తగా చూశాడు.

"భవానీ! దుంకింది నువ్వే గదా!"

ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టు అన్నాడు.

మరునాడు పాత ఫ్లెక్సీ దిగింది, కొత్తది లేచింది. 'ఆకాశాన్ని జయించిన మన ఆడబిడ్డ భవానక్క'. నా ఒంటి మీద నా తల పెట్టడానికి నగేష్ రోజంతా కష్టపడ్డాడు. అసలు ఫోటో పోగొట్టుకున్నాడట. నా ఆధార్ కార్డు ఫోటో తెచ్చి అతికించాడు. మబ్బుల్లో బోర్లా పడుతున్న మనిషి ముఖం బ్యాంకులో వరుసలో నిలబడ్డట్టు ఉంది.

మీ తమ్ముడు ఇంటింటికీ తిరిగి నిజం చెబుతున్నాడు, పాపం. ఒక్కరూ నమ్మడం లేదు. పక్క గల్లీ శంకరమ్మ నా చేతులు పట్టుకుని, "ఎంత మంచి మొగడమ్మా నీకు! తన పేరు గూడ పెండ్లానికి ఇచ్చిండు" అంది. కిరాణా దుకాణంలో ఇంకొకామె నాకు వినబడేటట్టే అంది: "మొగడు పానం మీదికి తెచ్చుకుని దుంకితే, ఈమె మంచిగ ఫ్లెక్సీ కట్టించుకున్నది." మొగుడి దుంకుడును దొంగిలించిన ఆడదాన్నయ్యాను వదినా.

పార్టీ టికెట్టు ఇచ్చే పెద్దమనిషికి కూడా అనుమానం వచ్చింది. ఎవరో ప్రైవేటు వాళ్ళు కొన్నాళ్ళ కోసం నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్‌కు విమానం తెచ్చి ఇట్లా దుంకిస్తున్నారట. "గా జనం ముందట ఒక్కసారి దుంకిపియ్, టికెట్ నీ ఇంట్లనే ఉంటది" అన్నాడట. మీ తమ్ముడు నన్ను అడగకుండానే ఒప్పుకుని వచ్చాడు.

ఇక నా సంగతి. నాకు మళ్ళీ దుంకాలని ఉంది. టికెట్టు కోసం కాదు, ఆ చప్పుడు లేని కాసేపటి కోసం. బట్టలు ఆరేస్తూ పైకి చూస్తే అదే గుర్తొస్తుంది. కానీ ఇప్పుడు దుంకితే ఆయన ఆడించినట్టు ఆడినదాన్నవుతాను. దుంకనంటే ఆ ఆకాశం మళ్ళీ నాకు దొరకదు. ఇంత వయసొచ్చి ఇట్లాంటి దానికి ఆశపడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది. ఏం చేయను?

భవాని


మెట్‌పల్లి,
జనవరి.

భవానీ, బిడ్డా,

ఆ జడ నేను సూసిన. మొదటి రోజే సూసిన. సూడలేదని రాసిన గదా, అది అబద్ధం.

మీ అన్న పసుపు పంటకు ఉత్తమ రైతు అని శాలువ కప్పించుకున్న ముచ్చట నీకు ఎరుకే. ఆ పసుపు ఎవలు పండించిన్రో ఎరుకనా? విత్తనం కొమ్ము ఏరింది నేను. నీళ్ళు కట్టింది నేను. తవ్వించింది, ఉడకపెట్టించింది, కల్లంల ఆరపోసింది నేను. మీ అన్న మార్కెట్‌కు పోయి అమ్ముకొచ్చిండు. స్టేజీ మీదికి ఆయనను పిలిచిన్రు. ఇంత మంచి పసుపు ఎట్ల వచ్చిందని అడిగిన్రు. మీ అన్న నా దిక్కు సూసిండు, జవాబు తెల్వక. నేను మొఖం పక్కకు తిప్పుకున్న. ఆనంక మస్తు గట్టిగ చప్పట్లు కొట్టిన, ఎవలకు అనుమానం రావద్దని.

మీ అన్న చెడ్డోడు కాదు. నా తమ్ముడు గూడ చెడ్డోడు కాదు. వాళ్ళు అడగరు, మనం చెప్పం. గంతే. నీకు మొన్న రాసిన బుద్ధులన్ని నాకు నేను చెప్పుకున్నవే. అవి తీసి అవతల పారెయ్.

దుంకు బిడ్డా. సిగ్గు ఎందుకు? నీ మొఖంతోని దుంకు. దుంకినంక ఎవలన్న ఏమన్న అడిగితే, నువ్వే చెప్పు. వానికి కోపమొస్తే నా పేరు చెప్పు. అక్కనే చెప్పమన్నదని చెప్పు.

నా మోకాళ్ళు మంచిగుంటే వచ్చి సూసేదాన్ని.

నీ వదిన
రేణుక


ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి.

వదినకు,

దుంకాను.

నాదర్‌గుల్‌కు మీ తమ్ముడు నాలుగు బస్సుల జనాన్ని తెచ్చాడు, బిర్యానీ పొట్లాలు తెచ్చాడు. విమానం ఎక్కబోతుంటే ఒక జెండా నా చేతిలో పెట్టాడు. పారాచూట్ తెరుచుకోగానే దాన్ని విప్పి చూపాలట. 'శ్రీశైలం గారి సతీమణి' అని ఉంది దాని మీద, పక్కన ఆయన ఫోటో. మడత పెట్టి కుర్చీలో ఉంచి ఎక్కాను.

ఈసారి వెనక్కి పోదామని అనలేదు. భయం అంతే ఉంది, కానీ దాని తర్వాత ఏం వస్తుందో తెలుసు. పారాచూట్ తెరుచుకున్నాక కింద మనవైపు నేలంతా కనబడింది. పంట ఉన్న చేన్లు తక్కువ, రాళ్ళు నాటిన చేన్లు ఎక్కువ. మధ్య మధ్య సిమెంటు ఆర్చీలు, లోపల ఇల్లన్నది లేదు. ఎవరూ రాని పెళ్ళికి పందిళ్ళు వేసినట్టు ఉంది. ఇంకాసేపు పైనే ఉంచమని నా వెనకాయనను అడిగాను. ఈయనకు తెలుగు వచ్చు. "గాలి ఎంతసేపు ఉంచితే అంతసేపు అమ్మా" అన్నాడు.

దిగి పట్టీలు విప్పుకోకముందే మైకు వచ్చింది. మీ తమ్ముడు పట్టుకున్నాడు. "మా మేడంకు పైన ఏమనిపించిందంటే..." అని మొదలుపెట్టాడు.

"నేను చెప్త" అని మైకు తీసుకున్నాను.

మొత్తం చెప్పాను వదినా. కాంటా, ముల్లు, బెల్టు, ఫోటో, తల మార్చిన సంగతి, జడ. ఆయనను తిట్టలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. జనం పొట్లాలు పట్టుకుని కడుపుబ్బ నవ్వారు. నగేష్ ఎటో మాయమయ్యాడు. మీ తమ్ముడు తల వంచుకుని బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ క్షణం నాకు జాలేసింది, కానీ ఆపలేదు.

నవ్వులు తగ్గాక మా వార్డు నీలమ్మ ముందుకొచ్చింది. "దుంకుడు మంచిగనే ఉన్నది. మా గల్లికి నల్లా ఎప్పుడొస్తది?"

"తెల్వదు. కనుక్కొని చెప్త" అన్నాను.

పెద్దమనిషికి నా దుంకుడు నచ్చింది, నిజం చెప్పడం కూడా ఎట్లాగో మింగాడు. ఆ 'తెల్వదు' అన్న మాటే ఆయనకు దిగలేదు. "తెల్వదు అన్నోళ్ళకు ఓట్లెట్ల అడుగుతమయ్యా? వచ్చే నెల వస్తదని చెప్పాలె గదా!" అని మీ తమ్ముణ్ణి కేకలేశాడు. టికెట్టు ఒక కాంట్రాక్టరు భార్యకు ఇచ్చారు. ఆమె ఏమీ మాట్లాడదు. ఆమె ఫ్లెక్సీలో ఆమె కంటే ఆమె భర్త పెద్దగా ఉన్నాడు.

నేను నీలమ్మకు మాట ఇచ్చాను కదా, మునిసిపల్ ఆఫీసుకు పోయి కనుక్కున్నాను. ఎండాకాలం దాటాకే నీళ్ళ నల్లా వస్తుందన్నారు. అదే చెప్పి వచ్చాను. ఆమె పెదవి విరిచి, లోపలికి పిలిచి చాయ్ పోసింది.

మీ తమ్ముడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బస్టాండు హోటల్‌కు కూడా పోలేదు. అక్కడ ఎవరు కనబడినా ఎన్ని కిలోలున్నవన్నా అని అడుగుతున్నారట. నీ పేరు చెప్పాను. "అక్క గూడనా!" అని మాత్రం అన్నాడు.

నిన్న సాయంత్రం నేను మిద్దె మీద మిరపకాయలు ఎత్తుతుంటే పైకి వచ్చాడు. పిట్టగోడకు దూరంగా, మెట్ల దగ్గరే కూర్చున్నాడు. దగ్గర పడి ఉన్న మిరపకాయ ఒకటి ఏరి వేళ్ళ మధ్య తిప్పాడు. సభల్లో, బడుల్లో, హోటల్లో ఇన్ని నెలలు ఊరందరికీ ఆ దుంకుడు గురించి చెప్పిన మనిషి, నన్ను ఒక్కసారి కూడా అడగలేదని నాకు అప్పుడే తట్టింది.

"భవానీ, పైన నిజంగ ఎట్లుంటది?" అన్నాడు.

ఎగతాళి అనుకుని తిరిగి చూశాను. కాదు.

"భయమైతదా?"

"అయితది."

"మరెట్ల దుంకినవ్?"

చేట కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. తలుపు తీయడం దగ్గర మొదలుపెట్టాను. మధ్యలో ఆయన ఫోన్ మోగింది. ఎవరో కూడా చూడకుండా దాన్ని బోర్లా పెట్టి, "తర్వాత?" అన్నాడు.

నీ
భవాని